లిఫ్ట్ కిట్ కూడా 200 మెగాపిక్సెల్ లాంటిదే: మా బాపు ఎక్కనన్న థార్ కథ

ఫోన్ రివ్యూలు చదవడానికి వస్తే ఈ బండి గోల ఏంటి అనుకోకండి. ఇందులో కూడా ఫోన్ ఉంది. కాకపోతే ఈసారి దాని కెమెరా, బ్యాటరీ జోలికి పోలేదు. దాన్ని ఒక పాత థార్ ఫ్లోర్‌కి టేప్‌తో అంటించి, కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి పోయే రోడ్డు మీద స్పీడ్ బ్రేకర్లు ఎక్కించి దించాను. ఎందుకో చెప్తా.

నేను హైదరాబాద్‌లో బ్యాకెండ్ డెవలపర్‌ని. సొంతూరు ఎల్లారెడ్డి దగ్గర. 2024 చివర్లో సెకండ్ హ్యాండ్‌లో 2016 మోడల్ థార్ సీఆర్‌డీఈ, ఫోర్ బై ఫోర్, తీసుకున్నా. అమ్మినాయన అప్పటికే దాన్ని రెండు అంగుళాలకు పైనే లిఫ్ట్ చేయించాడు. నిజం చెప్పాలంటే నేను పడిపోయింది ఆ ఎత్తుకే. అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో పక్కనున్న కార్లన్నీ బొమ్మల్లా కనిపించేవి. మొదటి వారం ఇన్‌స్టాలో పెట్టిన ఫోటోలకి వచ్చిన లైకులు నా కాలేజీ లైఫ్ మొత్తంలో రాలేదు.

మా బాపుకి నడుములో డిస్క్ సమస్య. పదిహేను రోజులకోసారి కామారెడ్డిలో ఫిజియోథెరపీకి పోవాలి. తాడ్వాయి, లింగంపేట మీదుగా ఆ రోడ్డు నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. కొడుకు థార్ కొన్నాడు, ఇక బస్సు తిప్పలు లేవనుకున్నాడు పాపం. రెండు ట్రిప్పులు పోయాం. రెండోసారి ఇంటి ముందు దిగి, డోరు పట్టుకుని ఒక నిమిషం అట్లనే నిలబడి, "గీ బండ్ల నేను రాను బిడ్డా. బస్సే నయం" అన్నాడు.

ఆర్టీసీ పల్లె వెలుగు నా థార్‌ని ఓడించింది. దీనికంటే దారుణమైన రివ్యూ నేను ఏ సైట్‌లోనూ చదవలేదు.

నా మొదటి రియాక్షన్ ఏంటో తెలుసా? ఇంకా పెద్ద కిట్ వేయిద్దామని. ఒక షాపులో అడిగితే, నాలుగు అంగుళాల లిఫ్ట్, కొత్త స్ప్రింగులు, పెద్ద టైర్లు, అన్నీ కలిపి ఒక ప్రో మాక్స్ ఫోన్ రేటు చెప్పారు. అడ్వాన్స్ కట్టేవాణ్ణే. కానీ ఆఫీసులో ఒక సర్వర్ స్లో అయితే మనం ముందు ఏం చేస్తాం? ప్రొఫైల్ చేస్తాం. ఎక్కడ టైమ్ పోతోందో చూడకుండా కొత్త మెషీన్ కొనం. మరి బండి విషయంలో ఎందుకు కొంటున్నాం?

ఎత్తు పెరిగింది, ట్రావెల్ తగ్గింది

ఈ పాత థార్‌కి ముందు వైపు టార్షన్ బార్ సస్పెన్షన్, వెనక కమాన్ పట్టీలు. టార్షన్ బార్ అంటే కాయిల్‌లా చుట్టకుండా నిటారుగా వదిలేసిన స్ప్రింగ్ అనుకోండి. ఒక ఉక్కు కడ్డీ. చక్రం పైకి లేస్తే ఆ కడ్డీ మెలి తిరుగుతుంది, తిరిగి సర్దుకుంటుంది. దాని చివర ఒక అడ్జస్టింగ్ బోల్టు ఉంటుంది. ఆ బోల్టు బిగిస్తే బండి ముందు భాగం పైకి లేస్తుంది. పైసా పార్ట్ కొనకుండా అరగంటలో "లిఫ్ట్" అయిపోతుంది. నా బండికి చేసింది అదే.

బోల్టు బిగిస్తే స్ప్రింగ్ గట్టిపడదు. కడ్డీ అదే, దాని బలం అదే. మారేది చక్రం నిలబడే చోటు మాత్రమే. సస్పెన్షన్‌కి పైకి కొంత, కిందికి కొంత కదలడానికి జాగా ఉంటుంది. కిందికి జారే జాగాని డ్రూప్ అంటారు. గుంత వచ్చినప్పుడు చక్రం దాంట్లోకి దిగి నేలను పట్టుకోవాలంటే అది కావాలి. టార్షన్ బార్ బిగించి బండిని లేపితే చక్రం అప్పటికే చాలా కిందికి దిగి ఉంటుంది. గుంత రాగానే ఇంక దిగడానికి జాగా లేక "టక్" మని తగులుతుంది. మా బాపు నడుముకి తగిలింది ఆ "టక్".

వెనక పొడుగు షాకిల్స్ వేశారు. కమాన్ కట్ట చివర్లో ఊగే ఇనప పట్టీలే షాకిల్స్. ఒక అంగుళం ఎత్తు రావాలంటే షాకిల్ రెండు అంగుళాలు పొడుగు కావాలి, ఎందుకంటే కట్టకి ఒక్క కొసే లేస్తుంది, ఇరుసు మధ్యలో ఉంటుంది. దాంతో ఇరుసు కొంచెం తిరిగి, ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం మారి, 70 దాటాక సీటు కింద సన్నగా వణుకు మొదలవుతుంది. నేను దాన్ని "డీజిల్ బండి కదా, మామూలే" అనుకున్నా ఇన్నాళ్లూ.

వీటన్నిటికంటే పెద్ద తప్పు ఇంకోటి ఉంది. ఎత్తు మార్చారు గానీ షాక్ అబ్జార్బర్లు పాతవే వదిలేశారు. బండి లేచింది కాబట్టి షాక్ ఎప్పుడూ దాదాపు పూర్తిగా సాగిపోయి ఉంటుంది. మోకాలు మడవకుండా మెట్లు దిగే మనిషిని ఊహించుకోండి.

ఫోన్‌తో ఎలా కొలిచానంటే

ఫైఫాక్స్ అని ఒక ఫ్రీ యాప్ ఉంది. జర్మనీలోని ఆఖెన్ ఆర్‌డబ్ల్యూటీహెచ్ యూనివర్సిటీ వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం చేసింది. ఫోన్‌లో ఉన్న యాక్సిలరోమీటర్ రీడింగులని నేరుగా చూపించి, సీఎస్‌వీ ఫైల్‌గా ఇస్తుంది. బండి బాడీ ఊగేది సెకనుకి ఒకటి నుంచి రెండు సార్లు. చక్రం అదిరేది సెకనుకి పది, పదిహేను సార్లు. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ సెన్సర్ కూడా సెకనుకి వంద దాకా రీడింగులు తీస్తుంది కాబట్టి ఈ పనికి సరిపోతుంది.

ఒక జాగ్రత్త. మీ మెయిన్ ఫోన్ వాడకండి. బైక్ ఇంజిన్ల వైబ్రేషన్‌కి ఎక్కువ కాలం గురైతే ఐఫోన్ కెమెరాలోని ఓఐఎస్, ఆటో ఫోకస్ దెబ్బతినొచ్చని 2021లో ఆపిల్ కంపెనీయే చెప్పింది. నేను డ్రాయర్‌లో పడి ఉన్న పాత బడ్జెట్ ఫోన్ వాడాను. మ్యాగ్నెట్ మౌంట్, సీటు మీద పెట్టడం ఇవేవీ పనికిరావు. మౌంట్ ఊగిసలాట కూడా డేటాలోకి వచ్చేస్తుంది. మ్యాట్ తీసేసి, డ్రైవర్ సీటు పట్టా పక్కన ఇనుము మీద డబుల్ సైడ్ టేప్‌తో గట్టిగా అంటించాలి.

లింగంపేట దాటాక, ట్రాఫిక్ లేని పొద్దున పూట, ఒకే స్పీడ్ బ్రేకర్ మీద 20 స్పీడులో మూడుసార్లు పోయాను. మూడుసార్లు ఎందుకంటే ఒక్క రన్ బెంచ్‌మార్క్‌ని నమ్మొద్దని ఈ సైట్ చదివే మీకు వేరే చెప్పక్కర్లేదు. మా చిన్నాన్న కొడుకు రోడ్డు పక్కన ట్రైపాడ్ పెట్టి ముందు చక్రాన్ని 240 ఎఫ్‌పీఎస్ స్లో మోషన్‌లో తీశాడు.

డేటాని సాయంత్రం పైథాన్‌లో గ్రాఫ్ గీశాను. చూడాల్సింది ఒక్కటే: దెబ్బ తగిలాక బండి ఎన్నిసార్లు ఊగి ఆగుతోంది? ఒక పీక్ తర్వాత అదే వైపు వచ్చే రెండో పీక్ ఎంత తగ్గిందో చూస్తే డ్యాంపింగ్ రేషియో వస్తుంది. బీటెక్ రెండో సంవత్సరంలో ఎందుకు చదువుతున్నామో తెలియకుండా చదివిన లాగరిథమిక్ డిక్రిమెంట్ ఇదే. రెండో పీక్ మొదటిదాంట్లో పావు వంతే ఉంటే రేషియో సుమారు 0.21. సగం ఉంటే 0.11. కార్లకి సాధారణంగా 0.2 నుంచి 0.4 మధ్యలో ఉండేలా చూస్తారు.

నాది మొదటిదాంట్లో దాదాపు 60 శాతం. అంటే 0.08. షాకులు ఉన్నాయి కాబట్టి ఉన్నాయనుకోవాలి గానీ, పని చేయడం ఎప్పుడో మానేశాయి. నిజమే, ఈ లెక్క పర్ఫెక్ట్ కాదు. షాక్ నొక్కుకునేటప్పుడు ఒకలా, సాగేటప్పుడు ఇంకోలా పని చేస్తుంది. ల్యాబ్‌లో షాక్ డైనో మీద చేసే టెస్టుకి ఇది సమానం కాదు. కానీ అదే బండి, అదే రోడ్డు, అదే ఫోన్‌తో ముందూ తర్వాతా పోల్చుకోవడానికి ఇది చాలు.

స్లో మోషన్ వీడియో ఇంకా సిగ్గు తెప్పించింది. 20 స్పీడులో, ఒక మామూలు స్పీడ్ బ్రేకర్ దిగుతుంటే ముందు చక్రం గాల్లో ఉంది. చిన్నదే, కన్నుతో చూస్తే తెలియదు. కానీ గాల్లో ఉన్న చక్రానికి బ్రేకూ లేదు, స్టీరింగూ లేదు. రాత్రి పూట అదే రోడ్డులో, అడివి మలుపులో, 60లో పోతూ ఒక అతుకుల ప్యాచ్ మీద ఎక్కితే ఏమవుతుందో ఆలోచించాక నాకు ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. పక్క సీట్లో కూర్చునేది బాపు కదా.

టేపు కొలత మర్చిపోవద్దు

యాప్ కంటే ముందు చేయాల్సిన పని ఇంకోటి ఉంది, దానికి ముప్పై రూపాయల టేపు చాలు. సమానమైన నేల మీద బండి ఆపి, చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా నాలుగు మూలలా కొలవండి. నా బండిలో ముందు కుడి, ఎడమల మధ్య 14 మిల్లీమీటర్లు తేడా వచ్చింది. రెండు బోల్టులూ సమానంగా బిగించలేదన్నమాట. తర్వాత ఛాసిస్ కింద జాకీ పెట్టి చక్రం నేలను వదిలేదాకా లేపి మళ్లీ అదే కొలత తీయండి. ఆ రెండింటి తేడాయే మీ డ్రూప్. మొత్తం ట్రావెల్‌లో కనీసం మూడో వంతు అటు ఉండాలని ఒక మోటు లెక్క. నాకు వచ్చింది 20 మిల్లీమీటర్ల చిల్లర. కింద స్టాండ్ పెట్టకుండా జాకీ మీద ఉన్న బండి కిందికి మాత్రం తల పెట్టకండి, ప్లీజ్.

కొలతలు పట్టుకుని కామారెడ్డిలో కమాన్ పట్టీలు చేసే ఉస్తాద్ దగ్గరికి పోయా. ల్యాప్‌టాప్‌లో గ్రాఫ్ చూపిస్తే ఆయన నవ్వి, బంపర్ మీద చేత్తో గట్టిగా ఒక్కసారి నొక్కి వదిలాడు. బండి మూడుసార్లు ఊగింది. "తమ్మీ, గిది చూస్తే సమజ్ కాదా, కంప్యూటర్ ఎందుకు?" అన్నాడు. నా మూడు రోజుల డేటా అనాలిసిస్‌ని ఆయన మూడు సెకన్లలో తేల్చేశాడు. కానీ పని అయిపోయాక అదే గ్రాఫ్ మళ్లీ తీసి చూపిస్తే ఫోటో తీసుకుని వాట్సాప్ స్టేటస్ పెట్టుకున్నాడు. కాబట్టి స్కోరు సమానం.

ఏం చేయించానంటే: ముందు టార్షన్ బార్ బోల్టులు వదులు చేసి, డ్రూప్ సరిపోయేదాకా కిందికి దించాం. వెనక పొడుగు షాకిల్స్ తీసేసి కంపెనీ సైజు వేశాం. కమాన్ కట్ట విప్పితే ఒక పట్టీ పగిలి ఉంది, మధ్యలో తుప్పు. అది మార్చి, మిగతావి శుభ్రం చేసి, బుష్షులన్నీ కొత్తవి వేశాం. నాలుగు గ్యాస్ షాకులు, ఆ ఎత్తుకి సరిపోయే పొడవువి. చివర్లో వీల్ అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల సెట్టింగ్. ముక్కు లేచిన బండి లైట్లు ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడతాయి, లిఫ్ట్ చేయించినవాళ్లలో ఎంతమంది దీన్ని సరి చేయించుకున్నారో గానీ నాకు మాత్రం ఏడాది పాటు ప్రతి లారీ డ్రైవరూ డిప్పర్ కొట్టాడు. నేనేమో ఫ్యాన్స్ అనుకున్నా.

మొత్తం ఖర్చు ఒక మిడ్ రేంజ్ ఫోన్ అంత. బండి ఇప్పుడు ముందు వైపు కంపెనీ ఎత్తు కంటే అర అంగుళం మాత్రమే ఎక్కువ. ఫోటోల్లో అంత "మాస్"గా లేదు. అదే స్పీడ్ బ్రేకర్, అదే 20 స్పీడు, అదే పాత ఫోన్: రెండో పీక్ పావు వంతు కంటే కొంచెం తక్కువకి వచ్చింది. వణుకు పోయింది.

అయితే లిఫ్ట్ అసలు అక్కర్లేదా?

ఇక్కడే చాలామంది నాతో గొడవ పడతారు. "రాళ్లల్లో, పొలాల్లో పోయేవాళ్లకి కావాలి కదా బ్రో" అని. కావాలి, ఒప్పుకుంటా. కానీ ఏం లేస్తోందో చూడండి. నా థార్ వెనక ఇరుసు గట్టి ఇరుసు. మధ్యలో ఉండే డిఫరెన్షియల్ గుండ్రటి భాగమే ట్రాక్టర్ గాడిలో నేలకి తగిలేది. బాడీని ఎంత లేపినా ఆ ఇరుసు ఎక్కడుందో అక్కడే ఉంటుంది, చక్రాల మధ్య వేలాడుతూ. దాన్ని లేపేది పెద్ద టైరు ఒక్కటే. జిమ్నీకైతే ముందూ వెనకా రెండూ గట్టి ఇరుసులే. స్ప్రింగ్ కింద స్పేసర్ పెట్టి "క్లియరెన్స్ పెరిగింది" అనేవాళ్లు కొలిచింది ఎక్కడో అడగాలి. లిఫ్ట్ వల్ల ఛాసిస్ మధ్య భాగం, బంపర్ల కోణాలు మెరుగవుతాయి. గట్టు ఎక్కి దిగేటప్పుడు అది పనికొస్తుంది. మనలో ఎంతమంది వారానికోసారి గట్లు ఎక్కుతున్నాం?

మా ఊరి బురదలో నాకు అసలు తేడా తెచ్చింది రెండు వేల రూపాయల పోర్టబుల్ ఇన్‌ఫ్లేటర్. పొలం బాటలోకి దిగేముందు టైర్లలో గాలి 20 పీఎస్ఐ దాకా తగ్గించి నెమ్మదిగా పోతే టైరు వెడల్పుగా పరుచుకుంటుంది. రోడ్డెక్కగానే మళ్లీ నింపాలి. లిఫ్ట్ కిట్ వీడియోలకి వచ్చే వ్యూస్‌లో పదో వంతు కూడా టైర్ ప్రెషర్ వీడియోలకి రావు. దానికి థంబ్‌నెయిల్ ఏం పెడతారు మరి.

ఇంకో భ్రమ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మా జిల్లాలో ఇది ప్రాణాల విషయం. 2025 ఆగస్టు 27, 28 తేదీల్లో కామారెడ్డి జిల్లాలో పడిన వాన మీకు గుర్తుండే ఉంటుంది. రాజంపేట మండలం అర్గొండలో 40 సెంటీమీటర్లకి పైగా కురిసింది. 44వ నంబర్ జాతీయ రహదారి దెబ్బతింది, రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది, పోచారం ప్రాజెక్టు పొంగి పొర్లింది. ఆ తర్వాత నాకు తెలిసిన ఇద్దరు ముగ్గురు "అందుకే లిఫ్ట్ చేయించాలి, వాగు వచ్చినా దాటొచ్చు" అన్నారు. దాటలేరు. పారే నీళ్లు రెండడుగులు ఉంటే ఎస్‌యూవీలని కూడా తోసేస్తాయి. రెండంగుళాల లిఫ్ట్ వల్ల వాగుకి మీ మీద గౌరవం పెరగదు. పైగా గురుత్వ కేంద్రం పైకి పోయి, బండి పక్కకి ఒరిగే అవకాశం పెరుగుతుంది. నీళ్ల కింద కల్వర్టు ఉందో కొట్టుకుపోయిందో ఏ సస్పెన్షనూ చెప్పదు.

చట్టం సంగతి కూడా ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ చెప్పిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే తేల్చింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. అరిగిన షాక్ తీసి అదే సైజుది మంచిది వేయడం వేరు, బండి ఆకారమే మార్చడం వేరు. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయర్ ముందు ఈ తేడా గురించి వాదించే పరిస్థితి తెచ్చుకోకండి.

నిజంగా ఎత్తు కావాలనుకుంటే పూర్తి కిట్‌గా ఆలోచించండి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీలు స్ప్రింగు, షాకు జతగా అమ్మేది ఊరికే కాదు. ఎత్తు మారితే షాక్ పొడవు, బ్రేక్ గొట్టం పొడవు, బాల్ జాయింట్ కోణం, అలైన్‌మెంట్ అన్నీ మారాలి. షాపులో మొదటి ప్రశ్న "ఎన్ని అంగుళాలు?" అయితే జాగ్రత్త పడండి. "బండిలో ఎంత బరువు వేస్తారు, ఎక్కడ తిప్పుతారు?" అని అడిగిన షాపులో కూర్చుని టీ తాగొచ్చు.

మనం ఫోన్ల విషయంలో చాలా తెలివైనవాళ్లం. 200 మెగాపిక్సెల్ అని బాక్స్ మీద రాస్తే "సెన్సర్ సైజు ఎంత, ఓఐఎస్ ఉందా" అని అడుగుతాం. మాక్రో కెమెరాని స్టిక్కర్ అని వెక్కిరిస్తాం. అదే మనం, బండి దగ్గరికి వచ్చేసరికి అంగుళాలు చూసి పర్సు తీస్తాం. నేనూ తీశాను, అందుకే ఇంత కోపంగా రాస్తున్నా.

పని పూర్తయ్యాక వచ్చిన ఆదివారం బాపుని బతిమాలి ఎక్కించుకుని లింగంపేట నాగన్న బావి దాకా పోయొచ్చాం. గ్రాఫుల గురించి ఏమీ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఎప్పుడూ ఎగిరేసే ఆ గుంత దగ్గరికి రాగానే అలవాటుగా పైన హ్యాండిల్ పట్టుకున్నాడు. బండి దిగింది, ఎక్కింది, సర్దుకుంది. ఆయన చెయ్యి వదిలేసి కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాడు. ఇంటి దగ్గర దిగాక అడిగింది ఒక్కటే. కాలు పెట్టి ఎక్కే మెట్టు ఇంకో రెండంగుళాలు కిందికి వేయిస్తావా అని.

ఈ శనివారం దాన్నే చేయిస్తున్నా.